అక్క కుర్చీకి దాణా

"మీ పావగడ గురించి ఏదైనా రాయండి" అని మన పత్రిక సంపాదకులు అడిగి ఏడాది దాటింది. ఊరి గురించి అంటే కొండమీది కోట గురించో, శనేశ్వరుని గుడి గురించో రాయాలి. అవి రాయగలిగినవారు వేరే ఉన్నారు. నేను బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. ఇన్నేళ్ళలో నేను రాసినవన్నీ ఆడిటర్లకు జవాబులే. అందుచేత నాకు చేతనైన తీరులో, కిందటి శ్రావణమాసంలో మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి రాస్తున్నాను. ఇది రెండు బ్యాటరీల కథ. మీ ఇంట్లో ఎవరికైనా మోటారు చక్రాల కుర్చీ ఉంటే కొంచెం శ్రద్ధగా చదవండి. లేకపోతే మా అక్క కోసం చదవండి.

తెలియనివారికి ముందుగా మా ప్రాంతం గురించి రెండు మాటలు. పావగడ తాలూకా ఉన్నది కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో. పటంలో చూస్తే మాత్రం మూడు వైపులా ఆంధ్రప్రదేశే. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం మాకు ఇరుగుపొరుగు. తుమకూరు నుంచి మధుగిరి మీదుగా వచ్చే బస్సు దారిలో కొంత దూరం ఆంధ్రలో నడిచి మళ్ళీ కర్ణాటకలోకి వస్తుంది. మాకు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. అర్జీ కన్నడంలో పెట్టుకుంటాం, అది తిరిగొస్తే తెలుగులో తిట్టుకుంటాం. వానలు తక్కువ. ఉత్తర పినాకిని, అంటే మన పెన్నేరు, నాగలమడక పక్కనుంచే పోతుంది గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసుకే కనబడుతుంది. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. ఎండకు మాత్రం కరువు లేదు. ఆ ఎండను నమ్ముకునే ఇక్కడ సోలార్ పార్కు పెట్టారు. మా పల్లె నాగలమడక హోబళిలోనే ఉంది.

మా అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. రెండో ఏట జ్వరం వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. పోలియో అని పేరు తెలిసింది తర్వాత ఎప్పుడో. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదయింది, 2014 మార్చిలో పోలియో పోయిందని ప్రకటించారు. ఆ రోజు టీవీలో వార్త వస్తుంటే అక్క "మంచిదే, నాతోనే సరిపోయె" అని, ఆపకుండా పూలు కట్టుకుంటూ ఉండిపోయింది. అమ్మ చంకన ఎత్తుకుని బడికి తీసుకుపోతే ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదివింది. 1989లో హైస్కూలు ఎదురుగా చిన్న గది బాడుగకు తీసుకుని నోటుపుస్తకాలు, పెన్నులు, జామెట్రీ పెట్టెలు అమ్మే అంగడి పెట్టింది. మా తాలూకాలో ఇప్పుడు ఇంజనీర్లుగా తిరుగుతున్నవాళ్ళలో కొందరు అక్క దగ్గర పెన్సిలు అప్పు పెట్టినవాళ్ళే.

ఇంటి నుంచి అంగడికి అర కిలోమీటరు. ముప్పై ఏళ్ళ పాటు చేత్తో తిప్పే మూడు చక్రాల బండిలో పోయి వచ్చింది. కాళ్ళు చేయవలసిన పని భుజాలు చేస్తే ఆ భుజాలు ఎన్నాళ్ళుంటాయి? చివరికి చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేని స్థితి వచ్చింది. డాక్టరు బండి తిప్పడం మానమన్నాడు. 2021లో బెంగళూరులో ఒక దాతృత్వ సంస్థవాళ్ళు శిబిరం పెట్టి, మోటారు చక్రాల కుర్చీ ఇచ్చారు. చేతి కింద చిన్న మీట, దాన్ని ఎటు వంచితే అటు పోతుంది. మీట పక్కన ఐదు చిన్న దీపాలు. ఛార్జింగు నిండా ఉంటే ఐదూ వెలుగుతాయి. అక్క వాటిని "గీట్లు" అంటుంది. కుర్చీ వచ్చిన వారానికి ఎవరి సాయమూ లేకుండా తానొక్కతే నాగలమడక సుబ్రహ్మణ్యస్వామి గుడికి పోయి, ఏటి ఒడ్డున గంటసేపు కూర్చుని వచ్చింది. ఆ సాయంత్రం ఫోనులో ఆమె మాట్లాడిన మాటల్లో నాకు సగం కూడా అర్థం కాలేదు. అంత సంతోషంగా మాట్లాడింది.

కిందటి ఏడాది, అంటే 2025లో, ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం వచ్చింది. మర్నాడు రెండో శనివారం గనుక బ్యాంకుకు సెలవు. ఊరికి వెళ్ళాను. పంచలో అక్క కుర్చీ ఒక మూలకు నెట్టి ఉంది. చేతుల మీద తడి తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి, సీటు మీద వాయనానికి నానబెట్టిన శనగల గంప ఉంది. అక్క నేల మీద చాపలో కూర్చుని తోరాలు ముడి వేస్తోంది.

"కుర్చీ వాడడం లేదా అక్కా?"

"యాడికి పోవల్ల రా? వయసయిపాయె."

"దానికీ అరవై దాటె గదప్పా" అంది అమ్మ లోపలి నుంచి. ఎనభై దాటిన అమ్మ ఆ మాట అనడం నాకు అప్పుడు తమాషాగా కూడా తోచలేదు. అంగడి మూసి ఏడు నెలలైందట. దసరాకు గది ఖాళీ చేస్తానని బాడుగ ఆయనకు చెప్పేసిందట. ముప్పై ఆరేళ్ళ అంగడి. తమ్ముడు, మరదలు కూడా "ఇంక విశ్రాంతి తీసుకోనీలే" అన్నారు. నేనూ తలూపాను. నిజం చెప్పాలంటే, నెలకు ఎంత పంపిస్తే అక్కకు సరిపోతుందని మనసులో లెక్క కూడా వేసుకున్నాను.

ఆ సాయంత్రం పక్కింటి కుర్రవాడు వచ్చాడు. ఐ.టి.ఐ. చదివి సోలార్ పార్కులో మరమ్మతు పని చేస్తున్నాడు. అక్కను అత్తా అని, నన్ను మామా అని పిలుస్తాడు. వీధిలోకి వచ్చాక నెమ్మదిగా అడిగాడు. "మామా, సంక్రాంతి ముందర జరిగింది అత్త మీకు చెప్పల్యా?"

చెప్పలేదు. జరిగింది ఇది. అంగడి మూసుకుని చీకటి పడే వేళ వస్తుంటే మోరీ దగ్గర నడిదారిలో కుర్చీ ఆగిపోయింది. మీట వంచితే ఒక అడుగు కదులుతుంది, ఆగుతుంది. తర్వాత అదీ లేదు. దారిన పోయేవాళ్ళు ఊరికే కూర్చుందనుకున్నారు. అక్క ఎవరినీ పిలవలేదు. గంట తర్వాత షిఫ్టు దిగి వస్తున్న ఈ అబ్బాయి చూసి ఆగాడు. తోస్తే కదలలేదు. ఆ కుర్చీలకు కరెంటు లేనప్పుడు మోటారే చక్రాలను పట్టుకుని ఉంటుంది. వెనక కింద ఉండే మీటను మళ్ళిస్తేగాని చక్రాలు వదులు కావు. ఆ సంగతి అక్కకూ తెలియదు, వాడికీ తెలియదు. కుర్చీ బరువే డెబ్బై కిలోలకు తక్కువ లేదు. చివరికి నలుగురు కుర్రాళ్ళు కుర్చీని అక్కతో సహా ఎత్తుకుని ఇంటిదాకా తెచ్చారు. దారి పొడుగునా అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుందట.

రాత్రి భోజనాలయ్యాక నేరుగా అడిగాను. అక్క జవాబు చెప్పలేదు. పెట్టె తీసి, అంగట్లో మిగిలిపోయిన 200 పేజీల నోటుపుస్తకం ఒకటి నా ముందు పెట్టింది. అంగడి నడిపిన మనిషి గదా, కుర్చీకి కూడా లెక్క రాసింది. ప్రతిరోజూ తేదీ, ఎక్కడికి పోయింది, తిరిగొచ్చేసరికి ఎన్ని గీట్లు మిగిలాయి.

నా ఉద్యోగంలో వేల ఖాతాలు చూశాను. ఏ ఖాతా చూసీ నాకు గొంతు పట్టుకోలేదు. 2022లో "గుడి, ఏరు, అంగడి – 4" అని ఉంది. 2023లో "గుడి – 3", తర్వాత "గుడి – 2". 2024 ఉగాది నాడు "గుడి – 1, ఎర్ర దీపం". ఆ తర్వాత పుస్తకంలో గుడి అన్న మాట లేదు. ఆ ఏడాది దసరా తర్వాత రేషను అంగడి లేదు. పోస్టాఫీసు లేదు. ఉన్నదల్లా "అంగడి – 2", "అంగడి – 1". చివరి పద్దు 2025 జనవరిది. తేదీ వేసి, ఎదురుగా అడ్డగీత గీసి ఉంది.

మేమందరం అక్కకు వయసు మీద పడిందనుకున్నాం. కుర్చీ ఎంత దూరం పోగలదో అంతలోకి ఆమె తన బతుకును మడుచుకుంటూ వచ్చింది. "నాకెందుకు చెప్పలేదు?" అంటే, "చెబితే కొత్త కుర్చీ కొంటానంటావు. లక్ష రూపాయల మాట. నీకు మాత్రం పిల్లల పెళ్ళిళ్ళు లేవా?" అంది. కుర్చీయే చచ్చిపోయిందని ఆమె నమ్మకం. పోయింది బ్యాటరీలు. ఆ తేడా ఆమెకు నాలుగేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. పల్లె బ్రాంచీలలో పనిచేసినప్పుడు పాడి ఆవులకు ఎన్నో అప్పులిచ్చాను. ఆవు ధర ఒక్కటే లెక్కగట్టి అప్పు మంజూరు చేయం. మొదటి కొన్నాళ్ళ దాణా ఖర్చు కూడా అంచనాలో చేరుస్తాం. దాణా లేని ఆవు పాలివ్వదని బ్యాంకుకు కూడా తెలుసు. యంత్రానికి తరుగుదల రాయాలి, దాని భాగాలకు నిధి తీసిపెట్టాలి అని బి.కాం. మొదటి సంవత్సరంలోనే చెబుతారు. అలాంటి నేను, అక్క కుర్చీకి శిబిరంలో దండ వేసి ఫోటో తీస్తుంటే చప్పట్లు కొట్టి వచ్చాను గానీ, దీని దాణా ఏమిటని అడగలేదు.

సోమవారం ఆ సంస్థకు ఫోను చేశాను. మర్యాదగానే మాట్లాడారు. కుర్చీ ఇవ్వడం వరకే తమ పథకమట, బ్యాటరీలు వాడుకునేవారే మార్చుకోవాలట. ఆ ముక్క కుర్చీతో పాటు ఒక చీటీ మీద తెలుగులోనో కన్నడంలోనో రాసిచ్చి ఉంటే బాగుండేది.

బ్యాటరీ సంగతి నేనూ అప్పుడే నేర్చుకున్నాను. మోటారు కుర్చీల చరిత్ర మరీ పాతదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో వెన్ను దెబ్బతిని చేతులు కాళ్ళు ఆడని సైనికుల కోసం కెనడాలో జార్జ్ క్లైన్ అనే ఇంజనీరు, ఆయన తోటివారు దీన్ని రూపొందించారు. 1956లో అమెరికాలో ఎవరెస్ట్ అండ్ జెన్నింగ్స్ కంపెనీ పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. కుర్చీ కింద ఉండే బ్యాటరీ ఇంకా పాతది. సీసం పలకలు, గంధకామ్లం కలిపి మళ్ళీ మళ్ళీ ఛార్జింగు చేసుకోగల బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టాడు. ఇప్పుడు తేలికైన లిథియం బ్యాటరీల కుర్చీలు వస్తున్నాయి గానీ, అక్క దానిలాంటి కుర్చీలు చాలావరకు ఆ సీసం మీదే నడుస్తున్నాయి. పన్నెండేసి వోల్టులవి రెండు, ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఇరవై నాలుగు వోల్టులు చేస్తారు. అక్క కుర్చీవి 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలు. ఒక్కొక్కటి పది పదకొండు కిలోలు.

పాడైన బ్యాటరీ చేసే మోసం ఏమిటంటే, రాత్రంతా ఛార్జింగు పెడితే పొద్దున ఐదు గీట్లూ చూపిస్తుంది. వీధి మలుపు తిరిగేసరికి రెండుకు దిగుతుంది. మా ఊరివాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడానికి చదువు అక్కరలేదు. చెరువు పూడిక తీయకపోతే ఏమవుతుంది? ఒక్క వానకే అలుగు పారుతుంది, చూసేవాళ్ళు చెరువు నిండిందంటారు, పది రోజులకు బీటలు తీస్తుంది. బ్యాటరీలోనూ అంతే. వాడి ఛార్జింగు పెట్టకుండా వదిలేసినకొద్దీ పలకల మీద సీసపు ఉప్పు గట్టిపడి, కరెంటు నిలిచే చోటు తగ్గిపోతుంది. వేడి దీనికి ఇంకో శత్రువు. 25 డిగ్రీల మీద ప్రతి ఎనిమిది పది డిగ్రీలకు బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని ఆ పనివాళ్ళ లెక్క. మా ఎండాకాలంలో రేకుల పంచ కింద పెట్టిన కుర్చీ సంగతి మీరే ఊహించుకోండి. రోజూ వాడే కుర్చీకి రెండేళ్ళు, జాగ్రత్తగా చూసుకుంటే మూడేళ్ళు వస్తే బాగా వచ్చినట్టే.

పావగడలో ఒక బ్యాటరీ అంగడి ఆయన దగ్గరికి పక్కింటి అబ్బాయి పాత రెండూ మోసుకుపోయి పరీక్ష చేయించాడు. ఊరికే కొలిస్తే రెండూ బాగానే చూపించాయి. బరువు పెట్టి కొలిస్తే ఒకటి ఒక్కసారిగా కూలబడింది, ఇంకొకటి కాస్త నిలబడింది. "ఒకటే పోయింది, ఒకటే మార్చండి" అన్నాడాయన. అబ్బాయికి అనుమానం వచ్చి నాకు ఫోను చేశాడు. పక్కనే ఉన్న అక్క ఫోను లాక్కుని, "ముసలెద్దును, కోడెను ఒక కాడికి కడతారా ఎవరైనా?" అంది. తర్వాత బెంగళూరులో నిపుణుణ్ణి అడిగితే ఆయన పావుగంట సేపు చెప్పింది కూడా అదే. పాతది ముందే ఖాళీ అయి కొత్తదాన్ని గుంజుతుంది. ఛార్జింగులో కొత్తదానికి చాలినంత అందదు, పాతదానికి ఎక్కువవుతుంది. చివరికి రెండూ పోతాయి. మార్చితే జంటగా, ఒకే రకం, ఒకే సమయంలో తయారైనవి మార్చాలి.

ఇంకో సలహా కూడా వచ్చింది. కారు బ్యాటరీ వేస్తే చవకలో పోతుందని. అదీ కుదరదు. కారు బ్యాటరీ పని ఇంజనును లేపడం. నాలుగు క్షణాలు గట్టిగా కరెంటిచ్చి ఊరుకుంటుంది. కుర్చీకి గంటల తరబడి నిదానంగా ఇవ్వాలి. పరుగు పందెం వాణ్ణి కాశీయాత్రకు పంపితే ఎలా? పైగా ఆసిడ్ నీళ్ళు పోసే రకం ఒరిగితే ఒలుకుతుంది. కుర్చీకి మూసి ఉన్న రకమే కావాలి, అందులోనూ లోతుగా వాడుకునేందుకు చేసిన రకం.

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో మూడు అంగళ్ళు తిరిగి దొరికించుకున్నాను. తేదీలు చూసి, పెట్టె కొలతలు పాతదానితో సరిచూసి, తీగె బిగించే చివరలు ఏ వైపు ఉన్నాయో కూడా చూసి కొన్నాను. జత పది వేలు. జి.ఎస్.టి. 28 శాతం. మొత్తం 12,800. బిల్లు చేతికొచ్చాక బ్యాంకు బుద్ధి ఊరుకోలేదు. వికలాంగుల చక్రాల కుర్చీకి పన్ను 5 శాతం, మోటారు ఉన్నా సరే. అదే కుర్చీ కింద పెట్టే బ్యాటరీ విడిగా కొంటే అది ఉత్త బ్యాటరీయే. విలాసపు కార్ల బ్యాటరీతో సమానంగా 28. నేను కొన్న నెలకు, 2025 సెప్టెంబరు 22 నుంచి, దాన్ని 18 శాతం చేశారు. నెల రోజులు ఆగి ఉంటే వెయ్యి రూపాయలు మిగిలేవి. ఎనిమిది నెలలుగా చాపలో కూర్చున్న మనిషిని ఇంకో నెల కూర్చోమనడానికి ఆ వెయ్యి చాలదు లెండి.

ఆగస్టు 23 నాలుగో శనివారం. ఆ రోజే అమావాస్య. శనివారం, అమావాస్య, శ్రావణం మూడూ కలిస్తే పావగడ బస్సు ఎలా ఉంటుందో శనేశ్వరుని భక్తులకు చెప్పనక్కరలేదు. ఇరవై రెండు కిలోల పెట్టెలు కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాను. కండక్టరు కన్నడంలో గద్దించాడు. ఏమిటివి, పేలుతాయా? మా అక్క కుర్చీవి అన్నాను, తొందరలో తెలుగులో. ఆయన వెంటనే తెలుగులోకి దిగి, "ముందే చెప్పకూడదా సార్" అని డ్రైవరు వెనక చోటు చేసి పెట్టించాడు.

ఇంటికి పోతే అమ్మ అభ్యంతరం. అమావాస్య నాడు కొత్త వస్తువు ముట్టుకోకూడదు. పంచాంగం చూస్తే మధ్యాహ్నం లోపే అమావాస్య వెళ్ళిపోతోంది. భోజనాలు చేసి మొదలుపెట్టాం.

పని చేసింది పక్కింటి అబ్బాయి. నేను దగ్గరుండి ఆటంకపరిచాను. ముందు కుర్చీ మీట ఆపేసి, ఛార్జరు తీగె తీశాడు. తర్వాత నా చేతి ఉంగరం తీయించాడు. స్పానరు గానీ ఉంగరం గానీ రెండు చివరలకూ ఒకేసారి తగిలితే నిప్పు రవ్వలు లేచి వేలు కాలిపోతుందట. స్పానరు పిడికి పాత సైకిలు ట్యూబు చుట్టి తెచ్చుకున్నాడు. సీటు తీసి మూత ఎత్తితే నాలుగేళ్ళ దుమ్ము, ఒక ఎండిన బల్లి. తీగెలు విప్పకముందే సెల్‌ఫోనులో ఫోటో తీసుకున్నాడు. అక్కకు ఫోటో మీద నమ్మకం చాలలేదు. తన నోటుపుస్తకంలో బొమ్మ గీసి, వ్రతం నాటి పసుపు దారం మిగిలి ఉంటే ప్లస్ తీగెలకు అది, మైనస్ తీగెలకు నల్లదారం కట్టించింది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. మధ్యలో ఒక బ్యాటరీ ప్లస్‌ను రెండోదాని మైనస్‌తో కలిపే చిన్న తీగె ఉంటుంది. ఇరవై నాలుగు వోల్టులు రావడం దానివల్లే. "మా పార్కులో పలకలన్నీ ఇట్లే ఒకదానికొకటి తగిలించి ఉంటాయి మామా. అక్కడ పదమూడు వేల ఎకరాలు, ఇక్కడ రెండు డబ్బాలు. అంతే తేడా" అన్నాడు. అంతా బిగించి మీటరు పెడితే 25 వోల్టులు దాటింది. నలభై నిమిషాల పని. దానికోసం ఎనిమిది నెలలు.

వాడు పార్కు మాట ఎత్తాడు గనుక ఒక లెక్క చెప్పి ముందుకు పోతాను. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం మొదలైన ఐదు ఊళ్ళ భూముల్లో వెలసిన ఆ పార్కు 2018లో ప్రారంభమై 2019 చివరికి పూర్తయింది. శక్తి 2,050 మెగావాట్లు. రైతులు భూమి అమ్మలేదు, 28 ఏళ్ళ గుత్తకిచ్చారు. ఎకరానికి ఏడాదికి 21 వేలతో మొదలై, రెండేళ్ళకొకసారి 5 శాతం పెరుగుతుంది. అక్క కుర్చీ ఛార్జరు లాగేది 150 వాట్లు. మిట్టమధ్యాహ్నం మా పార్కు నిండు శక్తితో పనిచేస్తే కోటీ ముప్పై ఆరు లక్షల కుర్చీలకు ఒకేసారి ఛార్జింగు పెట్టవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 54 లక్షల పైచిలుకు. మా ఎండలో వారందరికీ సరిపడా కరెంటు ఉంది. కుర్చీ ఒకసారి నిండడానికి ఒక యూనిట్ చిల్లర చాలు. కర్ణాటకలో 2023 నుంచి గృహజ్యోతి వచ్చాక అక్క ఇంటికి ఆ బిల్లు కూడా లేదు. నీళ్ళు ఉచితమే, కుండకే ఖర్చు.

బిగించగానే అక్క ఎక్కి కూర్చుంది. కొత్త బ్యాటరీలను ముందు రాత్రంతా ఛార్జింగు పెట్టాలని అంగడివాడు గట్టిగా చెప్పాడు. "ఎనిమిది నెలలు ఆగితి, ఒక రాత్రి ఆగలేనా" అంది గానీ దిగలేదు. చీకటి పడ్డాకే దిగింది. తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చి చూస్తే, పంచలో ఛార్జరు దీపం పచ్చగా మారి ఉంది. పక్కన చాప మీద అక్క కళ్ళు తెరిచే పడుకుని ఉంది.

ఆదివారం. బడి లేదు. అయినా ఏడు గంటలకు తలస్నానం చేసి, తాళం చెవులు కొంగున కట్టుకుని బయలుదేరింది. వెంట వస్తానంటే వద్దంది. నేను గడపలో నిలబడ్డాను. మలుపు దగ్గర కుక్క అడ్డం వస్తే హారను కొట్టింది. ఆ కుర్చీకి హారను ఉందని నాకు అంతవరకు తెలియదు.

పాత బ్యాటరీలు మిగిలాయి. పాతసామాన్లవాడు వచ్చి, బెంగళూరు అంగడికన్నా రెండు వందలు ఎక్కువిస్తానన్నాడు. వాటిని పగలగొట్టి, ఆసిడ్ కాలవలో పారబోసి, సీసం పొయ్యి మీద కరిగిస్తారని పక్కింటి అబ్బాయి చెప్పాడు. ఆ పొగ, ఆ మట్టి చిన్నపిల్లల బుర్రలకు చేటు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం తయారీదారులే పాతవి వెనక్కి తీసుకుని సరైన చోటికి పంపాలి. అక్క ఒక్క మాటలో తేల్చేసింది. "మన నీళ్ళల్లో ఫ్లోరైడు చాలదా, సీసం గూడా యాల?" ఆ ఇరవై రెండు కిలోలను మళ్ళీ బస్సెక్కించి ఎస్.పి. రోడ్డులో అప్పగించాను. కండక్టరు ఈసారి వేరే ఆయన, కాబట్టి కథ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది.

వెళ్ళే ముందు దాణా సంగతి తేల్చాలనుకున్నాను. 12,800ను రెండేళ్ళకు పంచితే రోజుకు పదిహేడున్నర రూపాయలు. నెలకు ఐదు వందల పైచిలుకు. మా బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ తెరిచి నేను కడతానన్నాను. అక్క వడ్డీ ఎంతని అడిగింది. చెప్పాను. "మా స్త్రీశక్తి సంఘంలో పెడితే ఇంతకంటే మేలు" అని నా బ్యాంకును తోసిపుచ్చింది. డబ్బు నేనిస్తానంటే దానికీ ఒప్పుకోలేదు. అంగడి మీదే రావాలట. చివరికి మొదటి ఆరు నెలలు నాది, తర్వాత ఆమెది అని రాజీ కుదిరింది. నోటుపుస్తకంలో "బ్యాటరీ ఖాతా" అని కొత్త పుట తెరిచింది. గది బాడుగ ఆయన దగ్గరికి పోయి దసరాకు ఖాళీ చేయనని చెప్పింది. ఆయన సంతోషించి బాడుగ రెండు వందలు పెంచాడు.

ఇది చదివి మీ ఊళ్ళో ఎవరికైనా కుర్చీ ఇవ్వాలనుకునేవారు, మన సంఘంవారితో సహా, రెండో జత బ్యాటరీల డబ్బు కూడా అంచనాలో వేసుకోండి. వాడినా వాడకపోయినా ఛార్జింగు వదలొద్దని, తోయవలసి వస్తే వెనక మీట ఎక్కడుందో చూసుకోమని, వారి భాషలో చీటీ రాసి కుర్చీకి కట్టండి. అక్క రాసిన చీటీ నా దగ్గర ఉంది, కావలసినవారికి నకలు పంపుతాను.

కార్తీకమాసంలో ఒక మంగళవారం రాత్రి అక్క ఫోను చేసింది. వెనక ఏటి గాలి చప్పుడేమో అనుకున్నాను, ఇంటికొచ్చే చేసిందట. "గుడికి పోయి, ఏటి గట్టున కూర్చుని, అంగడి తీసి, మూసి ఇంటికొస్తి. ఎన్ని గీట్లుండాయో చెప్పుకో చూద్దాం" అంది.

మూడు అన్నాను.

"నాలుగు. రాసుకుంటి."